తల దొరకని డైనోసార్‌ని ఎలా గీయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పిల్లల పుస్తకం కోసం కోటసారస్ బొమ్మ గీయమని మిమ్మల్ని అడిగారు. మీరు బీఎఫ్‌ఏ చేశారు, మనుషుల్నీ జంతువుల్నీ బాగానే గీస్తారు. తీరా చదివి చూస్తే ఆ జంతువు తల దొరకలేదని, ఒంటి రంగు ఎవరికీ తెలియదని తేలింది. "అలాంటప్పుడు ఎలా గీసినా ఊహే కదా? ఎక్కడ మొదలుపెట్టాలి? డిజిటల్ రాకపోతే కుదరదా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఎముకల దగ్గర మొదలుపెట్టండి. ముందు పక్కనుంచి చూసిన అస్థిపంజరం కొలతలతో గీయండి. దానిమీద కండ వేయండి, కండ మీద చర్మం వేయండి. తల లాంటి ఖాళీలను ఆ జంతువు దగ్గరి బంధువులను చూసి నింపండి. రంగు సంగతి అన్నిటికంటే చివర. డిజిటల్ రాకపోయినా ఏమీ ఫర్వాలేదు.

ఎలా గీసినా ఊహే అన్న మాటతో మాత్రం నేను ఒప్పుకోను. నేను చాలా ఏళ్లుగా మ్యూజియం ప్యానెళ్లకీ, పిల్లల సైన్సు పుస్తకాలకీ ఈ బొమ్మలే గీస్తున్నాను. నా పద్ధతి ఒక్కటే: బొమ్మలో ఏ గీతనైనా వేలితో చూపించి "ఇది ఇలా ఎందుకుంది?" అని అడిగితే నా దగ్గర జవాబుండాలి. "ఎముక ఇలా ఉంది కాబట్టి" అనొచ్చు. "దీని బంధువుకి ఇలా ఉంది కాబట్టి" అనొచ్చు. "ఇక్కడ ఆధారం లేదు, ఫలానా కారణంతో ఇలా ఎంచుకున్నాను" అని కూడా అనొచ్చు, ఆ జవాబులో తప్పేమీ లేదు. ఏ జవాబూ లేని గీత మాత్రం బొమ్మలో ఉండకూడదు.

ముందు మీ జంతువు విషయంలో చేతిలో ఏముందో చూద్దాం. నిజానికి చాలానే ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వితే 840 దాకా ఎముకలు బయటపడ్డాయి. కనీసం 12 జంతువులవి. పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టి వివరాలు ప్రచురించారు. 2001లో ఎముకల వర్ణన మరింత వివరంగా వచ్చింది. పొడవు సుమారు 9 మీటర్లు, బరువు రెండున్నర టన్నుల దాకా ఉండొచ్చని అంచనా. వెన్నుపూసలు, కాళ్ల ఎముకలు, తుంటి, తోక దాదాపు అన్నీ ఉన్నాయి. తల నుంచి దొరికినవి రెండు పళ్లు. అంటే తల, రంగు తెలియకపోయినా ఒళ్లు చాలావరకు తెలిసిన జంతువు ఇది. ప్రపంచంలో ఎన్నో డైనోసార్ల పేర్లు ఒక్క వెన్నుపూస మీదో, ఒక్క దవడ ముక్క మీదో నిలబడి ఉన్నాయి. వాటితో పోలిస్తే మీది అదృష్టమే.

ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. వీలైతే తప్పకుండా వెళ్లి చూడండి. వెళ్లేటప్పుడు రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. ఒకటి, అక్కడ మీకు కనిపించే తల శిలాజం కాదు, మోడల్ చేసేవాళ్లు తయారుచేసి పెట్టింది. దాన్ని చూసి గీస్తే మీరు ఇంకో కళాకారుడి ఊహను కాపీ కొడుతున్నట్టు లెక్క. రెండోది, ఆ ఒక్క అస్థిపంజరం వేర్వేరు జంతువుల ఎముకలు కలిపి నిలబెట్టింది. అన్ని జంతువులూ ఒకే సైజులో ఉండవు కదా. పెద్దదాని తొడ ఎముకకి చిన్నదాని మెడ తగిలితే నిష్పత్తి మారిపోతుంది. అందుకే మ్యూజియంలో చూసింది చూసినట్టు గీయకుండా, పరిశోధన పత్రంలో ఇచ్చిన ఎముక కొలతలతో సరిచూసుకోవాలి.

ఫోటోల గురించి కూడా ఒక మాట. 9 మీటర్ల జంతువు పక్కన రెండడుగుల దూరంలో నిలబడి ఫోన్‌తో ఫోటో తీస్తే, మీకు దగ్గరగా ఉన్న భాగం ఉబ్బిపోయి, తల, తోక చిన్నవైపోతాయి. ఆ ఫోటోని ట్రేస్ చేస్తే పుట్టు వంకర బొమ్మ వస్తుంది. హాల్లో ఎంత వెనక్కి వెళ్లగలిగితే అంత వెనక్కి వెళ్లి, ఒంటి నడిమధ్యకి ఎదురుగా నిలబడి, జూమ్ చేసి తీయండి. తర్వాత ముక్కలు ముక్కలుగా, తల నుంచి తోక దాకా పక్కకి జరుగుతూ ఇంకో సెట్ తీసుకోండి. మొదటి ఫోటో నిష్పత్తులకి, రెండో సెట్ వివరాలకి.

ఇప్పుడు గీయడం. ఏ3 షీటు తీసుకోండి. 30కి 1 స్కేలు పెట్టుకుంటే 9 మీటర్ల జంతువు 30 సెంటీమీటర్లు వస్తుంది, షీటులో హాయిగా పడుతుంది. అదే స్కేల్లో మనిషి అయిదున్నర సెంటీమీటర్లు వస్తాడు. మనిషి బొమ్మ ఒకటి పక్కన పెన్సిల్‌తో వేసి ఉంచండి, ఫైనల్లో తీసేద్దురు గాని. ముందు తుంటి ఎత్తు, తర్వాత తొడ ఎముక, మోకాలు, చీలమండ. వెనక కాలు నిలబడ్డాక వెన్నుపూసల వరస, ఆ తర్వాత ముందు కాలు. వెనక కాలితో ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే, డైనోసార్ ఒంటి బరువంతా తిరిగేది తుంటి చుట్టూనే. తల దగ్గర మొదలుపెట్టిన కొత్తవాళ్ల బొమ్మల్లో కాళ్లు ఎప్పుడూ చివర్లో ఇరికించినట్టుంటాయి.

కోటసారస్ కాళ్లు కాస్త సన్నం. సారోపాడ్లు, అంటే ఈ పొడుగు మెడ, నాలుగు కాళ్ల శాకాహారుల వంశంలో ఇది తొలినాటిది. తర్వాత వచ్చినవాటికి వెన్నుపూసల్లో గాలి గదుల్లాంటి గుంటలు బాగా లోతుగా ఉంటాయి, దీనికి అంతగా లేవు. తుంటి ఎముక కూడా పాతకాలపు తీరులో పొట్టిగా ఉంటుంది. వీటన్నిటినీ వదిలేసి బ్రాకియోసారస్ బొమ్మని చిన్నది చేసి పెట్టేస్తే అది కోటసారస్ అవదు. ఇదే కోట రాళ్లలో (కోట అనే ఊరి పేరుతో పిలిచే రాతి పొరల్లో) దొరికిన బారాపాసారస్ దీనికంటే బాగా పెద్దది. దాని తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లుంటుంది. దాన్ని కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) మ్యూజియంలో నిలబెట్టారు. ఆ రెండింటినీ ఒకే బొమ్మలో పక్కపక్కన చూపించాలనుకుంటే సైజు తేడా చాలా జాగ్రత్తగా చూసుకోండి.

ఇక తల. దీనికి పద్ధతి ఉంది. వంశవృక్షంలో దగ్గరగా ఉండి, తల దొరికిన జంతువులు ఏవో చూస్తాం. చైనాలో దొరికిన షునోసారస్‌కి మంచి పుర్రెలున్నాయి. మొరాకోలో దొరికిన టాజూడాసారస్‌కి పుర్రె భాగాలున్నాయి, అది కాలంలో కూడా దీనికి దగ్గర. ఈ రెండింటినీ చూసి తల ఆకారం ఊహిస్తే అది అర్థమున్న ఊహ. మీ దగ్గరున్న రెండు పళ్లు చెంచా ఆకారంలో ఉన్నాయి కాబట్టి డిప్లోడోకస్‌లా పుల్లల్లాంటి పళ్లున్న పొడుగు మూతి పెట్టకూడదని కూడా తెలిసిపోతుంది. కానీ బంధువు దగ్గర తీసుకునేటప్పుడు అన్నీ తీసుకోకూడదు. షునోసారస్ తోక చివర గద లాంటి ముద్ద ఉంటుంది. అది దానికి సొంతం. కోటసారస్‌కి అలాంటిది ఉన్నట్టు ఆధారం లేదు, కాబట్టి దాన్ని ముట్టుకోకండి.

ముక్కు రంధ్రాలు ఎక్కడ పెట్టాలన్నది చాలామంది తప్పుచేసే చోటు. సారోపాడ్ల పుర్రెలో ముక్కు గొయ్యి పెద్దది, బాగా వెనక్కి ఉంటుంది. అది చూసి పాత పుస్తకాల్లో ముక్కుని నడినెత్తి మీద పెట్టేవాళ్లు, నీళ్లలో మునిగి ఊపిరి పీల్చేదన్నట్టు. లారెన్స్ విట్మర్ 2001లో మొసళ్లు, పక్షులు, బల్లుల ముక్కుల్ని పరిశీలించి, ఎముకలో గొయ్యి ఎంత వెనకున్నా బయటికి కనిపించే రంధ్రం ఆ గొయ్యి ముందు చివర, మూతికి దగ్గరగా ఉంటుందని చూపించారు. నేను అప్పటినుంచీ ముక్కు మూతి దగ్గరే పెడుతున్నాను.

ఈ మొసళ్లు, పక్షుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీకు అడుగడుగునా పనికొస్తుంది. బతికున్నవాటిలో డైనోసార్లకి ఒక పక్క బంధువులు మొసళ్లు, ఇంకో పక్క పక్షులు. పక్షులైతే నేరుగా డైనోసార్ల సంతానమే. ఏదైనా లక్షణం మొసలికీ పక్షికీ రెండింటికీ ఉంటే, మధ్యలో ఉన్న డైనోసార్‌కీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఒకదానికే ఉంటే అనుమానించాలి. కండరాలు ఎక్కడ అతుక్కుంటాయి, కన్ను ఎక్కడ కూర్చుంటుంది, ఇవన్నీ ఈ లెక్కతోనే తేలుస్తారు. కాబట్టి జూకి వెళ్తే మొసళ్ల దగ్గరా, ఆస్ట్రిచ్, ఈము పక్షుల దగ్గరా కూర్చుని స్కెచ్ చేయండి. ఏనుగు దగ్గర కూడా కూర్చోండి, బరువైన ఒళ్లు అడుగు తీసి అడుగు వేసేటప్పుడు భుజం ఎలా కదులుతుందో తెలుస్తుంది. కానీ ఏనుగు పాదం మాత్రం తెచ్చి దీనికి పెట్టొద్దు. సారోపాడ్ ముందు పాదానికి గోళ్ల వరస ఉండదు, లోపలివైపు బొటనవేలికి ఒక్క గోరు కనిపిస్తుంది, అంతే. వెనక పాదానికి పెద్ద గోళ్లు పక్కకి తిరిగి ఉంటాయి. పిల్లల పుస్తకాల్లో నాలుగు పాదాలకీ ఏనుగు గోళ్లు చూసి చూసి విసిగిపోయాను.

తోక గురించి: మొసలి తోక మొదట్లో ఎంత లావుంటుందో చూశారా? అందులో తోక ఎముక నుంచి తొడ ఎముకకి వెళ్లే పెద్ద కండరం ఒకటుంటుంది, కాలుని వెనక్కి లాగేది అదే. డైనోసార్లకీ అదే ఏర్పాటు. తొడ ఎముక వెనక ఆ కండరం అతుక్కునే గుర్తు మీకు కనిపిస్తుంది కూడా. అందువల్ల తోక తుంటి దగ్గర దిట్టంగా మొదలవ్వాలి. తోకని నేలమీద ఈడ్చకండి, పైకే ఉంచండి. సారోపాడ్లు నడిచిన జాడలు చాలా దేశాల్లో దొరికాయి, వాటిలో తోక ఈడ్చిన గీత ఉండడం చాలా అరుదు.

మెడ ఎంత ఎత్తు పెట్టాలన్నది ఇప్పటికీ వాదనే. నేలకి సమాంతరంగా ఉండేదని కొందరు, బతికున్న జంతువులు మామూలుగా మెడ ఎత్తి ఉంచుతాయి కాబట్టి ఇదీ అంతేనని కొందరు. నేను మధ్యస్థంగా పైకి వాల్చి పెడతాను. మేస్తున్నట్టు గీస్తే ఈ గొడవే రాదు.

తర్వాతది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. చర్మాన్ని ఎముకకి అతికించకండి. పుర్రెలో ఉన్న ప్రతి గొయ్యీ, ప్రతి పక్కటెముకా బయటికి కనిపించేలా గీయడం ఒక జబ్బులా పాకింది. బతికున్న ఏ జంతువూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు అలా కనబడదు. మన ఒంగోలు ఎద్దునే తీసుకోండి. ఆ మూపురంలో ఎముక ఉండదు, అంతా కండ, కొవ్వు. గంగడోలు వట్టి చర్మం. ఒంగోలు ఎద్దుని ఎప్పుడూ చూడని మనిషికి దాని అస్థిపంజరం ఒక్కటి ఇచ్చి గీయమంటే, మనం ఆ జాతిని దేన్ని చూసి గుర్తుపడతామో అవి రెండూ బొమ్మలో ఉండవు. డైనోసార్లకీ ఇలాంటివి ఉన్నాయనడానికి రుజువుంది. కెనడాలోని ఆల్బర్టాలో దొరికిన ఎడ్మోంటోసారస్ శిలాజం ఒకదానికి తలమీద కోడిజుట్టు లాంటి మెత్తటి కండ తురాయి అచ్చుపడి ఉంది. 2013లో ప్రకటించారు. అంతకుముందు వందేళ్లకు పైగా ఆ జాతి ఎముకలు మనుషుల చేతుల్లో ఉన్నాయి, ఎవరూ ఆ తురాయి గీయలేదు.

అలాగని కోటసారస్‌కి మీ ఇష్టమొచ్చినట్టు మూపురాలు, తురాయిలు పెట్టమని కాదు. గొంతు కింద కొంచెం వదులు చర్మం, మెడ మొదట్లో దిట్టమైన కండ, పొట్టలో బోలెడంత ఆకు పట్టే చోటు, ఇవి ధైర్యంగా వేయొచ్చు. ఆకులు తిని అరిగించుకునే జంతువు పొట్ట పెద్దదిగా, గుండ్రంగా ఉండి తీరాలి. ఒకసారి ఒక ప్రచురణ సంస్థ వాళ్లు "పొట్ట తగ్గించండి, హీరోలా లేదు" అని స్కెచ్ వెనక్కి పంపారు. గేదె పొట్ట చూపించి ఒప్పించాను.

చర్మం పొలుసులు ఎంత వేయాలో లెక్కేసి చూద్దాం. సారోపాడ్ల చర్మం అచ్చులు కొన్ని చోట్ల దొరికాయి. అర్జెంటీనాలో ఔకా మహువేవో దగ్గర గుడ్లలో పిండాల చర్మం కూడా దొరికింది, 1998లో ప్రచురించారు. వాటిల్లో పొలుసులు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పడవు, చిన్న చిన్న గుండ్రటి, బహుభుజి ఆకారపు గుబ్బల్లా పక్కపక్కన పేర్చినట్టు ఉంటాయి. ఒక్కో పొలుసు రెండు సెంటీమీటర్లు అనుకున్నా, మీ 30కి 1 స్కేల్లో అది ఒక మిల్లీమీటరు కూడా రాదు. అంటే మొత్తం జంతువు కనిపించే బొమ్మలో పొలుసులు కనబడకూడదు. ఒంటిమీద వెలుగు నీడ కలిసే అంచు దగ్గర పెన్సిల్ మొనతో కాస్త గరుకు చూపించండి, కంటికి అది చాలు. మోచేతి దగ్గర, మెడ వంపులో ముడతలు వేయండి. పొలుసులు గీయాలని సరదాగా ఉంటే పేజీ మూలన తల ఒక్కటే పెద్దగా గీసి అక్కడ తీర్చుకోండి.

రంగు విషయానికి వస్తే, "ఏ డైనోసార్ రంగూ ఎవరికీ తెలియదు" అన్నది పాత మాట. ఈకలు, చర్మం బాగా నిలిచిన కొన్ని శిలాజాల్లో మెలనోసోములు అనే రంగు రేణువులు దొరికాయి. అవి గుండ్రంగా ఉంటే ఎరుపు గోధుమ ఛాయ, పొడుగ్గా ఉంటే నలుపు. ఇలా 2010లో చైనా డైనోసార్ సైనోసారోప్టెరిక్స్ తోక మీద ఇటుక రంగు, తెలుపు పట్టీలున్నాయని తేల్చారు. అదే ఏడాది ఆంకియోర్నిస్ ఒంటినిండా నలుపు తెలుపు, నెత్తిన ఎర్రటి ఈకలని వచ్చింది. 2016లో సిటాకోసారస్ వీపు ముదురు, పొట్ట లేత అని చూపించారు. 2017లో వచ్చిన బోరియలోపెల్టా 1,300 కిలోల కవచపు జంతువు, దానికీ ఎరుపు గోధుమ వీపు, లేత పొట్ట ఉన్నట్టు తేలింది.

మీ కోటసారస్‌కి ఇలాంటిదేదీ లేదు. ఇక్కడ మీకు నిజంగా స్వేచ్ఛ ఉంది, కానీ కారణం కావాలి. నేనైతే ఇలా ఆలోచిస్తాను. ఏనుగు, ఖడ్గమృగం లాంటి భారీ జంతువులకి వీపు, పొట్ట రంగు తేడా పెద్దగా ఉండదు, వేటాడేవాటి భయం తక్కువ కాబట్టి. కానీ ఆ కాలంలో వేటాడే జంతువులూ పెద్దవే, కవచమున్న బోరియలోపెల్టా కూడా దాక్కునే రంగులోనే ఉంది. కోటసారస్ రెండున్నర టన్నులే. కాబట్టి మట్టి గోధుమ వీపు, కొంచెం లేత పొట్ట, పక్కల అక్కడక్కడా చెదిరిన పట్టీలు వేస్తాను. పక్షులూ మొసళ్లూ రంగుల్ని బాగా చూడగలవు కాబట్టి, మెడ మీదో మొహం మీదో ఒక చిన్న ఎర్రటి మచ్చ పెట్టినా దాన్ని సమర్థించుకోగలరు. ఏనుగు బూడిద రంగు అలవాటు మీద వేసేయకండి. ఏనుగు పాలిచ్చే జంతువు, దీనికి దగ్గరి బంధువు కాదు.

బ్యాక్‌గ్రౌండ్‌లో జరిగే తప్పులు జంతువులో జరిగేవాటికంటే ఎక్కువ. కోట రాళ్లు జురాసిక్ తొలినాటివి, సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటివి. అప్పుడు మన నేల గోండ్వానా అనే మహాఖండంలో భాగం, ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికాలతో అతుక్కుని భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది. హిమాలయాలు లేవు, దక్కన్ నల్లరాయి లేదు, ఆ లావా పొంగింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. పువ్వులు లేవు. గడ్డి లేదు. కొబ్బరి చెట్లు వేయకండి దయచేసి. సైకడ్లు (తాటాకుల్లాంటి ఆకులున్న పొట్టి చెట్లు), ఫెర్న్‌లు, శంఖాకార వృక్షాలు, ఏరు, వరద మైదానం, లోతు తక్కువ సరస్సు, ఇవీ మీ సరుకులు. ఆ సరస్సుల సున్నపురాయిలో మెరిసే మందపాటి పొలుసుల చేపలు దొరికాయి. నీళ్లు కనిపించే బొమ్మయితే అంచున ఒక చచ్చిన చేపని వేయండి, ఆ పొలుసుల మెరుపు బొమ్మకి ప్రాణం పోస్తుంది. అదే రాళ్లలో ఎలుకంత పాలిచ్చే జంతువుల పళ్లు కూడా దొరికాయి. ఒకదాన్ని ఫెర్న్ కింద దాచితే పిల్లలు వెతుక్కుంటారు.

నేల ఖాళీగా కనిపిస్తుందని గడ్డి వేయాలనిపిస్తుంది, నాకు తెలుసు. దాని బదులు పొట్టి ఫెర్న్‌లు, నాచు, ఎండిన బురద పగుళ్లు, రాలిన కొమ్మలు వేయండి. ఇంతకీ గడ్డి మన దేశపు డైనోసార్లకి ఎప్పుడూ లేదనుకోకండి. మహారాష్ట్రలో పిస్‌దురా దగ్గర దొరికిన శిలాజ పేడలో గడ్డి కణాల అచ్చులు ఉన్నాయని 2005లో సైన్స్ పత్రికలో వచ్చింది. అది క్రెటేషియస్ చివరి కాలం, అంటే డైనోసార్లు అంతరించే ముందు కాలం. ఆ కాలపు సారోపాడ్ ఇసిసారస్ కాళ్ల దగ్గర గడ్డి వేస్తే ఆధారం ఉన్నట్టే.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. "మన డైనోసార్లు" అంటూ కోటసారస్‌ని, గుజరాత్ రాజాసారస్‌ని ఒకే బొమ్మలో పోట్లాటకి దింపమని అడుగుతారు. నన్ను ఒక ప్యానెల్ కోసం అలాగే అడిగారు. రాజాసారస్ సుమారు 6.7 కోట్ల ఏళ్ల కిందటిది. ఈ రెండింటి మధ్య 11 కోట్ల ఏళ్ల ఎడం ఉంది, రాజాసారస్‌కీ మనకీ మధ్య ఉన్నదానికంటే ఎక్కువ. నేను గీయనని చెప్పి, బదులుగా రెండు వేరు వేరు ప్యానెళ్లు ఇచ్చాను. మీరూ ఒప్పుకోవద్దు.

పోట్లాటే కావాలంటే ఆధారం ఉన్న సన్నివేశాలున్నాయి. ఆసిఫాబాద్ వైపు మాలేరి రాళ్లు కోట కంటే కూడా పాతవి, ట్రయాసిక్ కాలానివి. అక్కడ మొసలి రూపంలో ఉండే పారాసూకస్ అస్థిపంజరాలు రెండు దొరికితే, వాటి పొట్టలో మాలేరిసారస్ అనే బల్లి లాంటి జంతువు ఎముకలున్నట్టు శంకర్ చటర్జీ 1980లో రాశారు. ఏటి ఒడ్డున పారాసూకస్ దాన్ని నోట కరిచిన దృశ్యం నేను ఎంతో ఇష్టంగా గీసిన బొమ్మల్లో ఒకటి. గుజరాత్‌లో ధోలీ డుంగ్రీ దగ్గరైతే సారోపాడ్ గూడులో, పగిలిన గుడ్డు చుట్టూ చుట్టుకుని మూడున్నర మీటర్ల పాము సనాజే శిలాజమైంది, పక్కనే అర మీటరు పిల్ల. 2010లో ప్రచురించారు. అంతకంటే ఉత్కంఠ ఉన్న కథ మనం కల్పించగలమా?

కోటసారస్‌ని గుంపుగా గీయొచ్చా అని మీరు తర్వాత అడుగుతారని నా అనుమానం. 12 జంతువులు ఒకేచోట దొరికాయి కాబట్టి గుంపు అనిపిస్తుంది. కానీ ఏరు చచ్చిన జంతువుల్ని కొట్టుకొచ్చి ఒకచోట చేర్చే అవకాశమూ ఉంది. నేనైతే మూడు నాలుగు కలిసి మేస్తున్నట్టు వేస్తాను. పెద్ద మందలా వేయను.

ఇంత పట్టింపు ఎందుకని ఎవరైనా అంటే ఇగువానోడాన్ అనే డైనోసార్ సంగతి చెప్పండి. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో వాటర్‌హౌస్ హాకిన్స్ చేసిన భారీ విగ్రహంలో దానికి ముక్కు మీద కొమ్ముంది. 1878లో బెల్జియంలో బెర్నిసార్ బొగ్గు గనిలో పూర్తి అస్థిపంజరాలు దొరికాక, ఆ కొమ్ము నిజానికి బొటనవేలి ముల్లు అని తేలింది. హాకిన్స్‌ది తప్పనడం లేదు, ఆయన చేతిలో ఉన్న ఎముకలతో ఆయన చేసిన పని గొప్పది. కానీ జనం మనసులో బొమ్మ ఎంతకాలం నిలుస్తుందో చూడండి. పిల్లలు పరిశోధన పత్రం చదవరు, మీ బొమ్మనే చూస్తారు. అందుకే మీ పబ్లిషర్‌ని అడిగి బొమ్మ కింద రెండు లైన్లు వేయించండి: "తల దొరకలేదు, చైనా, మొరాకో బంధువులను చూసి ఊహించాం. రంగు చిత్రకారుల ఊహ." పిల్లలకి ఇది చాలా నచ్చుతుంది, ఇంకా కనుక్కోవాల్సింది మిగిలి ఉందని తెలుస్తుంది కాబట్టి.

ఇక డిజిటల్ సంగతి. నేను ఇప్పటికీ అస్థిపంజరం కాగితం మీదే గీస్తాను. దానిమీద ట్రేసింగ్ పేపర్ వేసి కండరాలు, ఇంకో ట్రేసింగ్ పేపర్ మీద చర్మం, ఫైనల్ గ్వాష్‌తో (నీళ్లలో కలిపి వేసే చిక్కటి రంగు). డిజిటల్‌లో చేసినా ఇదే పని లేయర్లుగా చేస్తారు. క్రితా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదట్లో అది చాలు. వెలుగు నీడలు తెలియకపోతే బైండింగ్ వైరు వంచి, ప్లాస్టిసిన్ మట్టి అంటించి జానెడు మోడల్ చేయండి. సాయంత్రం నాలుగింటికి డాబా మీదకి తీసుకెళ్లి ఎండలో తిప్పుతూ ఫోటోలు తీయండి. మెడ నీడ భుజం మీద ఎక్కడ పడుతుందో బుర్రతో ఊహించడం కష్టం, మోడల్ అయితే క్షణంలో చూపిస్తుంది. ఏఐతో చేసిన బొమ్మల్ని, ఇంటర్నెట్‌లో కనిపించే ఇతరుల పెయింటింగులని మాత్రం రిఫరెన్సుగా పెట్టుకోకండి. ఒకరి తప్పు ఇంకొకరు కాపీ చేసి, అదే నిజమన్నట్టు తయారవుతుంది.

రంగులు వేయడానికి ముందే, పెన్సిల్ దశలోనే తెలిసినవాళ్లకి చూపించండి. ఉస్మానియా జియాలజీ విభాగంలోనో, హైదరాబాద్ బండ్లగూడ జియలాజికల్ సర్వే కార్యాలయంలోనో, కలకత్తా ఐఎస్‌ఐలోనో శిలాజాల మీద పనిచేసేవాళ్లకి మెయిల్ రాయండి. "ఎలా ఉందో చెప్పండి" అని రాస్తే "బాగుంది" అని జవాబొస్తుంది, ఉపయోగం లేదు. "ముందు కాలు, వెనక కాలు నిష్పత్తి సరిగ్గా ఉందా? మెడ మొదట్లో ఇంత కండ ఎక్కువా? ముందు పాదం ఇలా పెట్టొచ్చా?" అని బాణం గుర్తులు పెట్టి అడగండి. నా అనుభవంలో ఇలా అడిగితే వాళ్లు ఎంతో ఓపిగ్గా, స్కెచ్ మీదే దిద్ది పంపిస్తారు. దిద్దినవి సరిచేశాకే గ్వాష్ డబ్బా తెరవండి. స్కెచ్ అయ్యాక ఇక్కడ కూడా పెట్టండి, చూసి చెప్తాను.